పలకని స్తంభం

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర నాకో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిలో ఎవరి మొహం మీద ఎంత వెలుతురు కొట్టాలో ఉమామహేశ్వర్‌కన్నా తెలిసినవాడు ఈ చుట్టుపక్కల లేడని నా నమ్మకం. ఉమామహేశ్వర్ అంటే నేనే. ఐపీఎల్ మొదలైన ఏడాది వానాకాలంలో ఆ నమ్మకం నాచారంలో పోయింది.

నారపల్లిలో ప్లాట్లు అమ్మి బాగా సంపాదించిన మా మేనమామ మొగిలయ్య, నాచారంలో మూతపడ్డ పాత నూలు మిల్లు కొన్నాడు. దాన్ని ఫంక్షన్ హాల్ చేస్తాడట. బ్రోచర్‌కి ఫొటోలు తియ్యమని నన్ను పంపాడు. నేను హాలోజన్ లైట్లు, స్టాండ్లు మోసుకుపోయి, అన్నీ వెలిగించి, గొప్పగా ఒక కన్ను మూశాను.

"ఆ లైట్లు ఆపుతారా, ప్లీజ్" అంది ఒక గొంతు.

మూలన ఒకమ్మాయి టేపుతో ఇనుప స్తంభాన్ని కొలుస్తోంది. పేరు అమూల్య. ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం, నాన్న రైల్వేలో ఇంజనీరు. కాలేజీ ప్రాజెక్టు కోసం మామ దగ్గర పర్మిషన్ తీసుకుని వచ్చింది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి తెలిసింది ఒక్కటే, లైట్లు ఆపాక హాలు ఇంకా బాగా కనిపించింది.

కప్పు రంపం పళ్లలా వరసలుగా ఉంది. వాలు వైపు రేకులు, నిటారు వైపు అద్దాలు, అద్దాలన్నీ ఉత్తరానికే. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం వస్తుంది. తెగిన దారం ముడి వేసేటప్పుడు నీడ అడ్డు రాకూడదని అలా కట్టారని ఆమె చెప్పింది. ఇన్నేళ్లుగా పెళ్లికూతుళ్ల కళ్లలో నేను కొట్టిన లైట్లన్నీ గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. కొంచెమే. ఎక్కువ సిగ్గుపడితే మా వృత్తిలో అన్నం పుట్టదు.

అంతలో బయట జల్లు మొదలైంది. ఇటు వచ్చి వినండి అని, ఆమె స్తంభానికి చెవి ఆనించింది. స్తంభాలన్నీ లోపల బోలు. రంపం పళ్ల మధ్య కాలవల్లో పడిన వాన, ఆ స్తంభాల్లోంచే దిగి నేల కిందికి పోతుంది. నేనూ ఇటువైపు నుంచి చెవి ఆనించాను. నాకు వినిపించింది నీళ్లో, నా గుండో ఇప్పటికీ తెలియదు.

వానకి కారుతోందని మామ ఆ కప్పు పీకించి స్లాబ్ వేయిస్తాడని తెలిసి ఆమె మొహం చిన్నబోయింది. నేను ఊరుకోవచ్చు కదా. మామ నా మాట జవదాటడని చెప్పేశాను. నిజానికి మామ తన డ్రైవర్ మాటైనా వింటాడు గానీ నా మాట వినడు.

అడిగితే నవ్వాడు. "పెండ్లిల నెత్తిమీద అక్షింతలు పడాలె గని నీళ్లు పడితె ఎట్లరా?"

చివరికి అమూల్యే వచ్చి మాట్లాడింది. కప్పులో లోపం లేదని, కాలవలు పూడిపోయాయని చెప్పింది. మామ పందెం పెట్టాడు. కాలవలు బాగుచేసుకోండి, వచ్చే పెద్దవానకి హాల్లో నీళ్లు పడకపోతే కప్పు ఉంటుంది, పడితే తెల్లారే పీకిస్తా అన్నాడు.

"నేను గీసినవన్నీ కాగితం మీదే మిగిలాయి. ఇదొక్కటైనా నిలబడాలి" అంది ఆమె నాతో. ఆ మాటకి నేను పావురాల గూళ్లు, ఆకులు, బురద, ఒక క్రికెట్ బంతి అన్నీ ఎత్తిపోశాను. ప్రేమలో పడ్డవాణ్ని మునిసిపాలిటీ పనికి వాడుకోవచ్చని అప్పుడే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం కుండపోతగా వాన. మామ హాలు మధ్యలో కుర్చీ వేసుకుని తల పైకెత్తి కూర్చున్నాడు. ఎక్కడా చుక్క పడలేదు. అమూల్య చేతులు బిగించుకుని నిలబడింది. నేను కూడా నిలబడితే కథ అక్కడే సుఖంగా ముగిసేది. కానీ ఎవరూ అడక్కుండానే, పైన ఒకసారి చూసొస్తానని నిచ్చెన ఎక్కాను.

పాకుడు మీద కాలు జారింది. పోయి కాలవలో కూలబడ్డాను. ఏళ్ల తరబడి తిన్న పెళ్లి భోజనాలన్నీ ఆ ఇరుకులో బిగుసుకుపోయాయి. లేవలేను, పరువు కోసం అరవలేను.

కింద మామ బట్టతల మీద మొదట ఒక చుక్క, తర్వాత ధార పడిందట. మామ మేస్త్రీకి ఫోన్ చేసి, పొద్దున్నే మనుషుల్ని తెమ్మన్నాడట. అమూల్య మాత్రం ఒక్కో స్తంభానికీ చెవి పెట్టుకుంటూ పోయింది. అన్నీ పలికాయి, ఒక్కటి పలకలేదు. ఆ స్తంభం పైన ఏముందో చూడ్డానికి వానలోనే నిచ్చెనెక్కింది.

ఉన్నది నేను.

"దెబ్బ తగిలిందా?"

"పరువుకు తగిలింది."

"లేవండి. నీళ్లకి మీరే అడ్డు."

రెండు చేతులూ పట్టుకుని లాగింది. నేను ఊడిరాగానే నీళ్లు గడగడమంటూ స్తంభంలోకి దూకాయి. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మీ వల్ల నా కప్పు పోయేది అంది. సారీ చెప్పాల్సిన చోట నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మీరంటె నాకు మస్తు ఇష్టం అమూల్యా. కింద చెప్దామనుకున్న, గని కింద మామ ఉన్నడు."

ఆమె నా చెయ్యి పట్టుకుని నిచ్చెన వైపు నడిపించింది. నిచ్చెన దిగేదాకా నా గుండె నా దగ్గర లేదు. జారతానని కాబోలు, దిగాక కూడా ఆమె నా చెయ్యి వదల్లేదు.

మామ తడిసిన తల తుడుచుకుంటూ ఆ స్తంభానికి చెవి పెట్టి ఉన్నాడు. కప్పుకేసి చూశాడు, నాకేసి చూశాడు, మా చేతులకేసి కూడా చూశాడు. మేస్త్రీకి మళ్లీ ఫోన్ చేసి రావద్దన్నాడు.

"తప్పు కప్పుది గాదు, మా అక్క కొడుకుది. కప్పు ఉంటది బిడ్డా" అన్నాడు అమూల్యతో. "గీన్ని గూడ తీస్కపో. మా ఇంట్ల ఏ పనికి జూసినా గిట్లనే అడ్డం కూసుంటడు."

ఆమె కళ్లలో వాన తుడుచుకుంది.

"తీసుకెళ్తానండీ" అంది.