అద్దాల బండి అమ్మేది లేదు

"మీ బండికి ఏ జబ్బూ లేదు. మీకేమైనా ఉందేమో చూపించుకోండి."

నోరు జారాక గానీ డాక్టర్‌కి తెలియలేదు, తానేం అన్నాడో. అతను మనుషుల డాక్టర్ కాదు. ఇంజిన్‌కి చెవి ఆనించి వినే అలవాటుందని వీధిలో వాళ్లు పెట్టిన పేరది. మలుపులో ఉన్న మెకానిక్ షెడ్డు అతనిది.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయి చేతిలో స్పానర్ ఉంది. అది అతని స్పానరే.

"ఏమన్నారు?"

"అంటే... వచ్చిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నానండీ. ప్లగ్గులు మార్చాను, ఫిల్టర్ మార్చాను, పంపు కూడా మార్చాను. మీ పక్కన కూర్చుని ఊరంతా తిరిగొచ్చాను. ఒక్కసారైనా ఆగిందా?"

"మీరుంటే ఆగదు. నేనొక్కదాన్నే ఉంటే నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కాసేపు బతిమాలితే మళ్లీ కదులుతుంది."

"నేనుంటేనే బాగుంటుందంటే..." నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. "వినేవాళ్లు ఇంకోలా అనుకుంటారండీ."

ఆమె మొహం ఎర్రబడింది. సిగ్గుతో కాదు.

"ఓహో! మిమ్మల్ని చూడ్డానికి బండి చెడిందని వంక పెట్టుకుని వస్తున్నానా? మాది అద్దాల కొట్టండీ. పొద్దస్తమానం మొహాలు చూసీ చూసీ విసుగెత్తిపోయిందాన్ని. మీ మొహం కొత్తగా చూడాలా?"

స్పానర్ బల్ల మీద పడేసి, వ్యాన్ ఎక్కి, తలుపు ధడేలున వేసింది. తాళం తిప్పగానే ఇంజిన్ హాయిగా అందుకుంది. పరువు తీయడంలో ఆ బండిని మించింది లేదు.

ఆమె పుట్టకముందు కొన్న వ్యాన్ అది. నాన్న భుజం పడిపోయినప్పటి నుంచీ ఆమే నడుపుతోంది. నిలువుటద్దాలు, కిటికీ అద్దాలు, సెలూన్ అద్దాలు, అన్నీ దుప్పట్లు చుట్టి, తాళ్లు బిగించి, ఊరి చివరల దాకా చేర్చేది. ఆ స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆమెకి ఎవరూ గుర్తుకొచ్చేవారు కాదు, ఏ బెంగా ఉండేది కాదు. అలాంటి బండి రెండు నెలలుగా ఎక్కడపడితే అక్కడ ఆగుతోంది. ఓసారి ఎత్తు మీద కుదుపుతో ఆగి, మంచి అద్దమొకటి నిలువునా పగిలింది.

కొట్టు లెక్కలన్నీ చూసే అన్నయ్య ఆ రోజు నుంచీ ఒకటే పాట.

"బండి అమ్మేద్దాం. అద్దె లారీ పెట్టుకుందాం. నువ్వు హాయిగా ఫ్యాన్ కింద కౌంటర్లో కూర్చో."

"ఫ్యాన్ కింద నువ్వు కూర్చో. నాకు గాలి రోడ్డు మీద బాగానే వస్తుంది."

"చూడు, రేపు డ్యాన్స్ స్కూల్ వాళ్ల అద్దాలు కొండ మీదికి వెళ్లాలి. నేనూ వస్తా. దారిలో ఆగిందా, ఆ మర్నాడే బండి అమ్మకం. సరేనా?"

"సరే!" అనేసింది. అన్నాక భయమేసింది, కానీ అన్నయ్య ముందు మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రం వాన మొదలైంది. డాక్టర్ తడుస్తూ అద్దాల కొట్టుకొచ్చాడు. లోపల అడుగుపెట్టగానే నాలుగు గోడల మీంచీ తన మొహమే తనని చూసి తెల్లబోయింది.

"సారీ చెప్దామని వచ్చాను," అన్నాడు.

"చెప్పేదేదో నాతో చెప్పండి. ఆ అద్దం ఏం చేసింది పాపం?"

చటుక్కున తిరిగాడు. ఆమె వెనకెక్కడో ఉంది. ఏది మనిషో ఏది నీడో తేలక మళ్లీ తిరిగాడు. ఆమెకి నవ్వొచ్చింది. రానివ్వలేదు.

"పొద్దున్న నేనన్నది తప్పండీ. రేపు నేనూ వస్తాను. నేనుంటే ఆగదుగా, పందెం మీరే గెలుస్తారు." వీధిలో ఆ పందెం సంగతి అప్పుడే అందరికీ పాకిపోయింది.

"అక్కర్లేదు. రేపు మీ అదృష్టంతో గెలిస్తే, ఎల్లుండి మళ్లీ నేనొక్కదాన్నే రోడ్డు మీద నిలబడాలి. నాకు అదృష్టం వద్దు, జబ్బేంటో తెలియాలి. నా బండిలో మీరెక్కడానికి వీల్లేదు."

"వెనకాల స్కూటర్ మీద రావచ్చా?"

"రోడ్డు మా నాన్నది కాదు."

మర్నాడు కూడా వాన. ముందు వ్యాన్, పక్క సీట్లో చేతులు కట్టుకున్న అన్నయ్య, వెనక అద్దాలు, ఆ వెనక రెయిన్‌కోట్‌లో స్కూటర్. పక్కద్దంలో ఆ రెయిన్‌కోట్ కనబడినప్పుడల్లా ఆమె చూపు రోడ్డు మీదికి లాక్కోవాల్సి వచ్చింది.

కొండ సగం ఎక్కారు. ఇంజిన్ ఓసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆగిపోయింది.

"అయింది," అన్నాడు అన్నయ్య.

ఆమె హ్యాండ్‌బ్రేక్ లాగి, స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటినీ రానివ్వలేదు.

స్కూటర్ స్టాండ్ వేసి డాక్టర్ పరుగెత్తుకొచ్చాడు. "ఆగిందా? నిజంగా ఆగిందా? అబ్బ, ఎంత బాగా ఆగిందండీ!"

అన్నయ్య గుడ్లురిమి చూశాడు. డాక్టర్ అదేం పట్టించుకోకుండా పుల్ల ఒకటి తీసుకుని పెట్రోల్ ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. వ్యాన్‌లో పెట్రోల్ ముల్లు ఎప్పుడో చచ్చింది. ఎంతుందో పుల్ల ముంచి చూడడమే. మూత తిప్పాడు.

బుస్సుమంది.

ఆమె కిందికి దూకింది. "ఏంటా చప్పుడు?"

"గాలి. లోపలికి లాక్కుంటోంది."

ఆమె ఇంకో మాట అనకుండా ఎక్కి తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది. ఆపింది. దిగింది.

"డాక్టర్‌గారూ, నాతో వచ్చిన ప్రతిసారీ బయల్దేరే ముందూ, దారి మధ్యలోనూ పుల్ల ముంచుతారు కదా?"

"ముంచుతాను..."

"అంటే మూత తీస్తారు. నేను ఒక్కదాన్నే వెళ్లేటప్పుడు దారిలో మూత తీయను!"

డాక్టర్ మూత తిప్పి చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "దీనికి గాలి కన్నం లేదండీ. పెట్రోల్ వాడేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే ఇంజిన్‌కి పెట్రోల్ అందదు. ఇది వేరే బండి మూత. ఇంజిన్ అంతా విప్పాను గానీ, చేతిలో ఉన్నదాన్ని చూడలేదు. మీరు చెప్పింది అక్షరాలా నిజం."

"ఎవరు పెట్టారిది?"

ఇద్దరూ అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య కొండ వైపు చూశాడు.

"పాతది పోయిందని రెండు నెలల కింద నేనే కొన్నా. పట్టింది కదా అని..."

రోడ్డు పక్క రాయి మీద మూత పెట్టి ఆమె పట్టుకుంది. డాక్టర్ మేకు, సుత్తి తీశాడు.

"వేళ్లు జాగ్రత్త."

"మీ గురి జాగ్రత్త."

"మీరలా చూస్తుంటే గురి కుదరట్లేదండీ."

"సరే, చూడను," అంది చూస్తూనే.

ఒక్క దెబ్బకి సన్నటి కన్నం పడింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగానే ఉంది. కానీ బండి ఆగింది. మాట మాటే."

ఆమె లేచి నిలబడింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆగింది. పందెం ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. బండి మాత్రం అమ్మనివ్వను."

"ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం కాదన్నయ్యా, మొండితనం. ఈ బండి నడిపేది నేను, ఆగితే రోడ్డు మీద నిలబడేది నేను. ఉండాలో పోవాలో చెప్పేదీ నేనే. ఎక్కుతావా, నడుస్తావా?"

అన్నయ్య వాన వైపు చూసి ఎక్కాడు.

డ్యాన్స్ స్కూల్ దాకా బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. గోడ పొడవునా అద్దాలు బిగించాక, హాల్లో ఆ ఇద్దరే మిగిలారు. డాక్టర్ గ్రీజు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ఇంక మీకు నా షెడ్డుతో పనుండదు," అన్నాడు.

"సంతోషంగా చెప్తున్నారా, బాధగానా?"

"చాలా బాధగా ఉందండీ. పంపు మార్చక్కర్లేదని తెలిసీ మార్చాను. మీరు ఇంకో గంట కూర్చుంటారని."

ఆమె చివాలున తిరిగింది. "అమ్మ దొంగా! వంక నాదన్నారే!"

"నాదే. మొదటి రోజు నుంచీ నాదే. మీరంటే ఇష్టం. ఇప్పుడు ఆ సుత్తితో కొట్టినా సరే."

ఆమె సుత్తి తీసి అతని సంచిలో వేసింది. "ఆ పంపు నీ ఖర్చే. ఇష్టం సంగతి మా ఇంట్లో చెప్దాం, పద. నా గురించి నా వెనకాల మాట్లాడితే నాకు నచ్చదు, అంచేత నేనే ముందు చెప్తా."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో డాక్టర్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆమె మెట్లు దిగేస్తోంది.

కొట్లో నాన్న ఎడమ చేత్తో అద్దం తుడుస్తున్నాడు. ఆమె నాన్చుతూ కూర్చోలేదు. "నాన్నా, బండి అమ్మట్లేదు. ఇతన్ని పెళ్లి చేసుకుంటున్నాను."

"రెండూ ఒకేసారా?" అన్నయ్య కేక పెట్టాడు. "నాన్నా, మీరైనా చెప్పండి! మంచి మంచి సంబంధాలు వస్తుంటే..."

"వచ్చినవాళ్లు నన్ను బండి దిగమన్నారు," అందామె. "ఇతను నా బండి వెనకాల తడుస్తూ వచ్చాడు."

నాన్న గుడ్డ పక్కన పెట్టి డాక్టర్‌ని కింద నుంచి పైదాకా చూశాడు.

"మా అమ్మాయి మహా మొండిది. తెలుసా?"

"తెలుసండీ. ఆ మొండితనం వల్లే ఇక్కడి దాకా వచ్చాను."

నాన్న మేకుకి వేలాడుతున్న తోలు గ్లౌజులు తీసి అతనికి అందించాడు.

"లోపల బీరువా అంత అద్దం ఒకటుంది. అది ఒక్కరితో లేచేది కాదు. ఇద్దరూ కలిసి ఎక్కించండి. పగలగొట్టకండి."

అన్నయ్య కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత విసుక్కుంటూనే వానలోకి దిగి, వ్యాన్ వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.