బెన్యామీనుకు పేరు పెట్టిందెవరు?

"మీ మామగారిని ఈ ఉదయం సెమినార్‌లోనే లేపేస్తారు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ చటుక్కున లేచి నిలబడ్డాడు. మామగారు హీబ్రూ పండితుడు. బైబిల్ వంశావళుల్లోని పేర్లు, వాటి అర్థాలే ఆయన లోకం. ఓ విదేశీ ముఠా తన మనుషులకు ఆ పేర్లనే కోడ్ నేమ్స్‌గా వాడుతోందని కనిపెట్టింది ఆయనే.

"హంతకుడెవరు సార్?"

"తెలీదు. సిల్క్ ఒక్క క్లూ ఇచ్చింది. వాళ్ల ట్రైనింగ్‌లో ఎవరైనా ఈ పేర్ల వెనకున్న కథ తప్పు చెబితే పక్కవాడు వెంటనే దిద్దాలట. లేకపోతే చావబాదుతారట. అది వాళ్లకి ఒంటబట్టిపోయింది."

సిల్క్ ముఠాలోంచి ఇటు దూకిన డబుల్ ఏజెంట్. చూపు తిప్పుకోనివ్వని అందం. ఇటు దూకిన మనిషి మళ్లీ అటు దూకదని ఏమిటి నమ్మకం?

పెట్టుడు గడ్డంతో, ప్రొఫెసర్ వేషంలో ఏజెంట్ వేదిక వెనక గదిలోకి వెళ్లాడు. మామగారు అల్లుణ్ణి గుర్తుపట్టలేదు. నీళ్లు తెచ్చిన అటెండర్, ఊరికే దగ్గుతున్న ఫొటోగ్రాఫర్, కాలర్ మైకుతో వస్తున్న టెక్నీషియన్, అందరూ అనుమానంగానే కనిపించారు. మూల కుర్చీలో సిల్క్ నవ్వుతోంది. ఆ నవ్వు అతనికి అసలు నచ్చలేదు. కానీ ఆమె చెప్పిన దారి తప్ప ఇంకోటి లేదు.

"బెన్యామీను! తల్లి ఎంత మంచి పేరు పెట్టిందండీ!" అన్నాడు గట్టిగా.

మామగారు నోరు తెరిచేలోపే ఇంకో గొంతు లేచింది.

"తల్లి కాదు, తండ్రి! చనిపోతూ ఆమె పెట్టింది బెనోని, దుఃఖపుత్రుడని. తండ్రి దాన్ని మార్చి..."

టెక్నీషియన్ నాలుక కరుచుకున్నాడు. మరుక్షణం మైకు మామగారి మెడ మీదికి దూసుకెళ్లింది. ఏజెంట్ ఆ చేతిని గాల్లోనే పట్టి మెలితిప్పాడు. మైకు క్లిప్పులోని విషపు సూది వెంట్రుకవాసిలో తప్పింది. సిల్క్ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని కూర్చుంది. పాపం, తప్పు దిద్దకుండా ఉండటం ఆమెకూ కష్టమే.

హంతకుడికి బేడీలు పడ్డాక ఏజెంట్ గడ్డం పీకేశాడు. ఆనందంతో అతని కళ్లు చెమర్చాయి. మామగారు మాత్రం అనుమానంగా చూశారు.

"అల్లుడుగారూ, ఆ తప్పు కావాలనే అన్నారా?"

"కావాలనే మామయ్యగారూ!"

"అయితే చెప్పండి. నోవహుకు పేరు పెట్టిందెవరు?"

ఏజెంట్ దిక్కుతోచక సిల్క్ వైపు చూశాడు. "తండ్రి," అంటూ ఆమె పెదవులు కదిపింది.

ఈసారి ఆమెను అనుమానించే తీరిక అతనికి లేదు.