వాలు తప్పిన వాకిలి

మైథిలి కాలేజీలో పాఠాలు చెప్పి వస్తూ, నందిగామలో బస్సు దిగి, ఇంటికి నడిచి వచ్చేసరికి ఇల్లుంది గానీ గేటు లేదు. ప్రహరీ కూడా లేదు. గేటు ఉండాల్సిన చోట నల్లద్దాలు పెట్టుకుని, బెల్టుకి సెల్‌ఫోన్ తగిలించుకుని ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"ఆగండాగండి! పచ్చి సిమెంటు!"

అతను అరిచేలోపే ఆమె కాలు చీలమండ దాకా దిగబడింది.

"మా ఇంట్లోకి రావడానికి నాకు మీ పర్మిషన్ కావాలా?"

"పర్మిషన్ అక్కర్లేదండి. కాస్త చూపుంటే చాలు."

"నల్లద్దాలు పెట్టుకుంది మీరా, నేనా?"

అలా పరిచయమయ్యాడు ఉదయభాస్కర్. డిప్లొమా చదివి, జగ్గయ్యపేటలో కాంట్రాక్టులు చేస్తున్నాడు. పాత ఇళ్ళకి కొత్త ముఖాలు తగిలించడం అతని వ్యాపారం. లోపల ఇల్లు ఎలా ఏడ్చినా, రోడ్డు మీదికి కనిపించినంత మేర మెరిపించేస్తాడు.

మైథిలి నాన్న ఉమాకాంతం గారికి కావలసింది కూడా అదే. పేటలో ఆయన తోడల్లుడు భవానీప్రసాద్ గేటు మీద రెండు సిమెంటు సింహాలు వెలిసినప్పటి నుంచీ ఈ రిటైర్డ్ గుమాస్తాకి అన్నం సయించడం లేదు. వాటిని చేయించిన కాంట్రాక్టరునే వెతికి పట్టుకొచ్చారు.

"మనకి నాలుగుండాలయ్యా!"

"గేటుకి దిమ్మెలు రెండే కదండీ సార్."

"అయితే ఒక్కోదాని మీద రెండేసి కూర్చోబెట్టు!"

లోపలి నుంచి ఆయన భార్య బాలాత్రిపురసుందరి గొంతు వినిపించింది. "మీరొకరు రోజూ గర్జిస్తూనే ఉన్నారుగా, ఇంకా నాలుగెందుకండీ?"

సింహాలు రానే వచ్చాయి. మైథిలి వాటి చుట్టూ తిరిగి చూసింది.

"జలుబు చేసిన కుక్కల్ని తెచ్చారేంటండీ?"

"అవి సింహాలండి."

"నేను జువాలజీ చెప్తా. ఏ పుస్తకంలోనూ ఈ జంతువు లేదు."

"పెయింటు పడ్డాక సింహాలవుతాయి లెండి," అన్నాడతను ఏమాత్రం సిగ్గుపడకుండా.

గోడలకి చిలకాకుపచ్చ, అంచులకి గులాబీ రంగు అని ఉమాకాంతం గారు తేల్చేశారు. అయినా ఉదయభాస్కర్ రంగుల కార్డు పట్టుకుని రోజూ సాయంత్రం ఆమె బస్సు వచ్చే వేళకి వాకిట్లో తయారయ్యేవాడు.

"మీ ఒపీనియన్ కావాలండి."

"ఐస్‌ఫ్రూట్ బండిలా ఉంటుంది. గంట కూడా కట్టండి, పిల్లలొస్తారు."

అతను పగలబడి నవ్వేవాడు. తిట్టించుకోవడానికి ఇంత సరదాపడే మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. ఓ రోజు అతను రాలేదు. మేస్త్రి ఇశ్రాయేలు ఒక్కడే పని చేసుకుంటున్నాడు. ఆ మర్నాడు మైథిలి ఎవరిని తిట్టాలో తోచక, క్లాసులో పిల్లలకి చెప్పా పెట్టకుండా టెస్టు పెట్టేసింది.

గొడవంతా వాకిలి దగ్గర వచ్చింది. కొత్తగా లేచిన ప్రహరీ వెంబడి అమ్మ పెంచుకున్న కనకాంబరాల మళ్ళు పీకేసి, మొత్తం గచ్చు చేసేస్తున్నారు.

"మళ్ళయినా వదలండి. వాన నీళ్ళు ఎటు పోతాయి? వాలు ఇంటివైపే ఉన్నట్టుంది," అంది మైథిలి.

అప్పటికే ఉమాకాంతం గారు వెనక నిలబడి చూస్తున్నారు. ఆయన ముందు గొప్పకి పోయాడు ఉదయభాస్కర్.

"స్లోప్ సంగతి మాకొదిలెయ్యండి మేడమ్. మీరు కప్పల సంగతి చూసుకోండి."

ఉమాకాంతం గారు నవ్వారు. మైథిలి నవ్వలేదు. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడడం మానేసింది. రంగుల కార్డు చూపించినా తలెత్తకుండా వెళ్ళిపోయేది.

పనంతా అయ్యాక ఉమాకాంతం గారు తోడల్లుణ్ణి భోజనానికి పిలిచారు. తన గొప్ప చూపించడానికి కాంట్రాక్టరునీ పిలిచారు. సరిగ్గా పులిహోర వడ్డిస్తుండగా వాన మొదలైంది. అది చినుకులతో మర్యాదగా వచ్చిన వాన కాదు. చూస్తుండగానే వాకిట్లో నీళ్ళు నిండి, గడప దాటి, హాల్లోకి వచ్చేశాయి.

భవానీప్రసాద్ కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కుని, విస్తరి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సింహాలు సరే ఉమాకాంతం, మునేరు ఏటిని కూడా తెప్పించావే!"

ఉమాకాంతం గారి ముఖం కందగడ్డయింది. "ఆ ఇశ్రాయేలుగాడే వాలు తప్పించుంటాడు! రేపు రానీ, వాడి పని చెప్తా!"

అందరూ అవునన్నట్టు తలలూపారు. ఉదయభాస్కర్ నోరు మెదపకపోతే చాలు, గండం గడిచిపోతుంది. చెంబుతో నీళ్ళు తోడుతున్న మైథిలి ఆగి, అతని వైపు చూసింది. ఇన్నాళ్ళకి చూసిన ఆ చూపుని అతను తట్టుకోలేకపోయాడు.

"ఇశ్రాయేలు తప్పేం లేదు సార్. ఆ వాలు నేను పెట్టించిందే. మైథిలి గారు ముందే చెప్పారు. మీ ముందు చిన్నబోతానని విన్లేదు."

అంతే, గునపం తీసుకుని వానలోకి వెళ్ళి, ప్రహరీ మొదట్లో గచ్చు పగలగొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి అరిచేతులు బొబ్బలెక్కాయి. గచ్చు మాత్రం పెద్దగా పగల్లేదు.

"గునపం పట్టడం కూడా రాదా మీకు?"

వెనక మైథిలి. గొడుగు కూడా తెచ్చుకోలేదు.

"డిప్లొమాలో చెప్పలేదండి."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"మీరు మాట్లాడ్డం మానేశాక, పేట నుంచి బండి మీద వస్తూ దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకుంటున్నానండి. మీరు తిట్టినంత బాగా రావట్లేదు."

"అయితే ఇప్పుడేంటంట?"

"ఎప్పటికీ మీరే తిడితే బావుంటుందని."

గునపానికి ఇంకో చెయ్యి తోడైంది. గచ్చు పెళ్ళున విరిగి, నీళ్ళు సుడి తిరుగుతూ ప్రహరీ కింది మట్టిలోకి పోయాయి.

"ఏవిటా గుసగుసలు? పని చూడవయ్యా!" వరండాలోంచి ఉమాకాంతం గారు.

ఉదయభాస్కర్ తడిసి ముద్దై మెట్ల దగ్గరికి వచ్చాడు. "సార్, మైథిలి గారిని నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

"ఇల్లు ముంచి పిల్లనడుగుతావుటయ్యా!"

"ముంచానని ఒప్పుకున్నాడు కదండీ," అంది బాలాత్రిపురసుందరి చీపురు ఆపకుండా. "పెళ్ళయినప్పట్నుంచీ మీరొక్కటి ఒప్పుకున్నారా?"

భవానీప్రసాద్ కుర్చీలోంచే చప్పట్లు కొట్టాడు. ఉమాకాంతం గారు మోకాళ్ళ దాకా తడిసిన పంచె వైపు చూసుకుని, "దాన్నే అడగండి," అన్నారు.

మైథిలి జడ పిండుకుంటూ చెప్పింది.

"ఆదివారం మీ అమ్మగార్ని తీసుకురండి. మాట్లాడేదంతా ఆవిడే మాట్లాడతారు. మీరు మాత్రం నోరు తెరవకండి."

అలాగేనండి అనబోయి, నోరు తెరిచి, గుర్తొచ్చి, గబుక్కున మూసుకుని ఉదయభాస్కర్ తలూపాడు.