నూట పన్నెండు గూళ్లు

దసరా ముందురోజు ముంబై దగ్గరి శాంతినగర్‌లో మరమగ్గాలు ఆగుతాయి. కార్ఖానాలు కడిగి, మర్నాడు మగ్గాలకు పూజ చేసుకుంటారు. ఏడాదికోసారి వచ్చే ఆ నిశ్శబ్దానికే దీపాలికి మెలకువ వచ్చింది.

టీ తాగుతూ ఇంటి కింద ఉన్న తమ కార్ఖానాలోకి దిగింది. గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. నిచ్చెన దిగుతూ తండ్రి రాజమౌళి నవ్వాడు.

“ఎట్లుంది బిడ్డా? తెల్లారకముందే బూజంత దులిపి సున్నమేసిన. ఇయ్యాల మీ మేడమ్ వస్తదంటివి గదా, సాఫ్‌గ ఉండాలె.”

ముంబైలో జీవావరణ, పరిణామ శాస్త్రాల శాఖలో దీపాలి పరిశోధన చేస్తోంది. మగ్గాల అదురుకు సాలీళ్లు గూడు అల్లే తీరు మారుతుందా, ఆ మార్పు పిల్లలకూ వస్తుందా అన్నది ఆమె ప్రశ్న. గైడ్ మేడమ్ వస్తున్నదే ఈ కార్ఖానాలోని ఆ గూళ్లు చూడటానికి.

“అయ్యో బాపూ! రెండేండ్ల పని! నూట పన్నెండు గూళ్లకు నంబర్లేసిన!”

రాజమౌళి ముఖం వాడిపోయింది. “అన్నీ బుక్కుల రాసుకున్నవు గదా. అయిపోవచ్చిందంటివి. బట్ట తాను దిగినంక మగ్గం తుడుస్తం, గట్లనే అనుకున్న.”

“గూళ్లల్ల గుడ్లుండె బాపూ! పిల్లలు అల్లితేనే నా పని అయ్యేది. మార్చిల స్కాలర్‌షిప్ బంద్ అయితది. ఇంగ నా పీహెచ్‌డీ పోయినట్టే! అడగకుండ ఎందుకు ముట్టినవు?”

అరుపులు విని తల్లి మల్లవ్వ మెట్ల మీదికి వచ్చింది. “అడగలేదా? ఏం రాస్తున్నవని గాయిన ఎన్నిసార్లు అడిగిండు! ‘నీకు సమజ్ గాదు బాపూ’ అంటివి. కాలేజి పిల్లలకైతే గంటలకొద్ది చెప్తవు.”

ముట్టుకునే ముందు చూడండి, చూశాక అడగండి అని ప్రాక్టికల్ క్లాసులో ప్రతి సోమవారం ఆ పిల్లలకు చెప్పేది దీపాలే. అడిగిన తండ్రిని మాత్రం రెండేళ్లపాటు పక్కకు నెట్టింది. సిగ్గుతో ఆమె తల వంగిపోయింది.

రాజమౌళి తన మగ్గం వెనక మూలకు వెళ్లి పిలిచాడు. అక్కడ ఒకే ఒక్క గూడు ఉంది.

“ఇదొక్కటి తియ్యలే. నేను నేస్తుంటె ఇదీ అల్లేది, చెయ్యి రాలే. తప్పయింది బిడ్డా.” బెరుగ్గా అన్నాడు. “ఒకటి అడగనా? మగ్గం దిక్కు పోగులు దగ్గర దగ్గర ఏస్తది, గోడ దిక్కు దూరం ఏస్తది. గట్లెందుకు?”

కెమెరాతో ఏడాది కొలిస్తే ఆమెకు తెలిసిన సంగతి అది. ఒక్క గూటితో థీసిస్ కాదని మేడమ్‌కు చెప్పక తప్పదు. ముందు మాత్రం తండ్రి చేయి పట్టుకుని ఏడ్చేసింది.

“చెప్త బాపూ. కూసో.”

మగ్గాల చప్పుడుకు తండ్రి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. రాజమౌళి కుడి చెవి ఆమె వైపు తిప్పి కూర్చున్నాడు.