రెండు రేకులు, రెండు చెంచాలు

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టేసరికి ఇఫ్రా రాగిరేకును వేళ్లతో తడుముతూ ఉంది. అంచులు ఎవరో కొరికినట్టున్నాయి. శుక్రవారం రాజ్యశ్రీకి ఇచ్చినప్పుడు ఇదే రేకు ఎంతో నున్నగా ఉంది.

మర్నాడే సైన్సు ఎగ్జిబిషన్, ఇద్దరిదీ ఒకే జట్టు. జత స్టీలు చెంచాల్లో ఒకదానికి రాగిపూత పూసి, రెండోదాని పక్కన పెట్టి చూపించాలి. ఇఫ్రా వాళ్ల నాన్న అలీ బందరు చిలకలపూడిలో కవరింగ్ నగలకు బంగారుపూత పూస్తాడు. ఆయనే రాగిరేకును సమానంగా రెండు ముక్కలు చేసి ఇచ్చాడు. ఒకటి ఇంట్లోనే ఉంది. రెండోదాన్ని రాజ్యశ్రీ తీసుకెళ్లి, చెంచాతో పాటు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కలిపిన నీళ్లలో ముంచి, టార్చిలైటు బ్యాటరీలకు కలిపి పూత వేసి, ఇవాళ రేకు తిరిగిచ్చింది.

కవరింగ్ పనివాళ్ల ఇళ్లలో ఏ వస్తువు చెయ్యి మారినా తూచాల్సిందే. ఆ అలవాటు ఇఫ్రాకూ అబ్బింది. ఇంటికి పరిగెత్తి, నాన్న చిన్న కాటాలో రెండు ముక్కలూ చెరోవైపు పెట్టింది. రాజ్యశ్రీ తెచ్చిన ముక్క పైకి లేచింది.

నాన్న బంగారుపూత తొట్టిలోనూ రోజూ ఒక స్టీలు ప్లేటు మునుగుతుంది. ఇన్నేళ్లలో అది రవ్వంత కూడా తగ్గలేదు. మరి ఇదెలా తగ్గింది? రాజ్యశ్రీయే గీకి రాగి తీసుకుని ఉంటుంది. రుజువుకని నాన్ననడిగి కాటానూ రెండు రేకులనూ బడికి తెచ్చింది.

అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఇక రాజ్యశ్రీ ఏం చేసినా ఇఫ్రాకు తప్పుగానే తోచింది. ఇఫ్రాను చూడగానే ఆ పిల్ల ఒక చేతిరుమాలు మూటను గబుక్కున బ్యాగులో దాచేసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకుంది ఇఫ్రా.

అనుకుని ఊరుకుంటే బాగుండేది. వెళ్లి తన క్లాసు చౌడేశ్వరి చెవిలో ఊదింది. చౌడేశ్వరి నోట్లో నువ్వుగింజ నానదు. ఆఖరి పీరియడ్‌కల్లా రాజ్యశ్రీ బెంచీ మీద ఇంకెవరూ లేరు. రబ్బరు అడిగినా ఎవరూ ఇవ్వలేదు. ఎందుకో తెలియక ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని కూర్చుంది. ఇఫ్రాకు మనసు చివుక్కుమంది. అయినా కాటా అబద్ధం చెప్పదు కదా అని సర్దిచెప్పుకుంది.

బడి వదిలాక ల్యాబ్‌కు వెళ్లి హన్నా టీచర్‌కు అంతా చెప్పింది. రేపు తానొక్కతే చూపిస్తానంది. టీచర్ కోప్పడలేదు.

"రేకు తూచావు, సరే. మరి చెంచా తూచావా?"

లేదని ఇఫ్రా తల అడ్డంగా ఊపింది. టీచర్ రాజ్యశ్రీని పిలిపించి రెండు చెంచాలూ తెమ్మంది. రాజ్యశ్రీ చేతిరుమాలు మూట విప్పింది. లోపల పూత చెంచా ఎర్రగా మెరుస్తోంది.

"చేతులు తగిలితే నల్లబడుతుందని మూట కట్టానే. రేపు ఒక్కసారిగా నీకు చూపిద్దామనుకున్నా."

టీచర్ ఒక పళ్లెంలో అరిగిన రేకునూ పూత చెంచానూ పెట్టింది. రెండో పళ్లెంలో వాడని రేకునూ పూత లేని చెంచానూ పెట్టింది. ముల్లు అటూ ఇటూ ఊగి మధ్యలో ఆగింది.

"రాగి ఎక్కడికీ పోలేదమ్మా. రేకులోని రాగి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేస్తే అయాన్ అవుతుంది. కంటికి కనిపించకుండా నీళ్లలో కలిసిపోతుంది. చెంచా దగ్గర రెండు ఎలక్ట్రాన్లు అందగానే మళ్లీ రాగిగా మారి దానికి అంటుకుంటుంది."

మరి నాన్న ప్లేటు ఎందుకు తగ్గదని ఇఫ్రా మెల్లగా అడిగింది. అక్కడ బంగారం అయాన్లు ముందే నీళ్లలో ఉంటాయనీ, ఆ ప్లేటు కరెంటు అందించడానికేననీ టీచర్ చెప్పింది.

రాజ్యశ్రీ ఇదేమీ వినడం లేదు. ఇఫ్రా వైపే చూస్తోంది.

"అందుకేనా ఇవాళ ఎవరూ నా పక్కన కూర్చోలేదు?"

ఇఫ్రాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు చౌడేశ్వరీ, క్లాసు పిల్లలూ వాళ్ల బల్ల చుట్టూ మూగారు. ఇఫ్రా కాటాలో రెండు రేకులే పెట్టింది. ఒకటి పైకి లేచింది. పిల్లలంతా రాజ్యశ్రీ వైపు చూశారు.

"నేనూ నిన్న అలాగే చూశాను," అంది ఇఫ్రా. "చౌడేశ్వరికి చెప్పింది నేనే. సగమే తూచి చెప్పాను. రాజ్యశ్రీ ఏమీ తియ్యలేదు."

పూత చెంచా తీసి రాజ్యశ్రీ చేతికిచ్చి, తను పక్కకు జరిగింది.

రాజ్యశ్రీ చెంచా అందుకుంది. దాన్ని పళ్లెంలో అరిగిన రేకు పక్కన పెట్టి, రెండో చెంచా ఇఫ్రాకు అందించింది.

"అది నువ్వు పెట్టు," అంది.