పీకిన డిస్కు, పడని తలుపు

తాళాలాయన రెండు తూటాలు తిని రికార్డు రూము బయట పడి చచ్చాడు. అతని వెనక ఉక్కు తలుపు బార్లా తెరిచే ఉంది. అది మూసుకుపోయి ఉండాల్సింది.

మర్నాడు ఉదయం చీఫ్ సీనియర్ ఏజెంటుని పిలిచాడు. టేబుల్ మీద సగం కొరికిన బిస్కెట్, దాని మీద ఈగ. చీఫ్ ఈగని తోలి మిగతా సగం నోట్లో వేసుకున్నాడు.

"విదేశీ ముఠా మనిషెవడో మన సర్వర్‌కి డిస్కు పెట్టి మన గూఢచారుల లిస్టు కాపీ చేస్తున్నాడు. డిస్కు పీకగానే తలుపు పడాలి, వాడు లోపల ఇరుక్కోవాలి. అదీ మన ట్రాప్. నిన్న తాళాలు చూసే మీ బావ తలుపు స్విచ్ వెయ్యడం మర్చిపోయాడు. పోయాడు."

"మర్చిపోయాడని ఎవరన్నారు?"

"మన ఎక్స్‌పర్ట్. నిన్న పోయింది సగమే. రెండో సగం కూడా పోతే, బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇరవై ముగ్గురూ చస్తారు. వాడు ఇవాళ మళ్ళీ వస్తాడు."

పొద్దున చెల్లెలు అడిగిన మాట సీనియర్ చెవిలో ఇంకా గింగురుమంటోంది. "అన్నయ్యా, గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసే మనిషి. మర్చిపోయాడంటే నమ్ముతావా?"

పదకొండింటికి సీనియర్ ఏసీ మెకానిక్ వేషంలో ఎక్స్‌పర్ట్ గదిలో ఉన్నాడు. చొక్కా నిండా ఎవడిదో పాత చెమట కంపు. చేతిలో స్క్రూడ్రైవర్. దాని పిడిలో వైర్‌లెస్, అటు చివర చీఫ్. ఎదురుగా అద్దం. అద్దానికి అవతల రికార్డు రూము. అవతలివాళ్ళకి ఇవతల ఏమీ కనిపించదు.

అవతల తలుపు తెరుచుకుని నీలి కళ్ళద్దాలావిడ రికార్డు రూములోకొచ్చింది. ముఠాలో ఉంటూ మన కోసం పనిచేస్తోందని చీఫ్ రెండేళ్ళుగా మురిసిపోతున్న డబుల్ ఏజెంట్. ఆమె సెంటు వాసన ఏసీ గొట్టంలోంచి వచ్చింది.

ఆమె డిస్కు పెట్టింది. కాపీ నలభై శాతం.

"కోడ్?" అంది స్క్రూడ్రైవర్.

"చలి తగ్గింది," అన్నాడు సీనియర్. దొంగ లోపలికొచ్చాడని దానర్థం.

"ఎవడు వాడు?"

"మీరు ఇంటావిడ కన్నా ఎక్కువ నమ్మిన మనిషి."



సీనియర్ ఎక్స్‌పర్ట్ వైపు తిరిగాడు. "తలుపు పడటానికి నువ్వు రాసిన రూల్ చూపించు."

"నేను టెస్ట్ చేశా సార్. డిస్కు పెట్టా, గుర్తుపట్టింది."

"పీకి చూశావా?"

ఎక్స్‌పర్ట్ చెవి గోక్కున్నాడు. "పెట్టినప్పుడు పనిచేస్తే పీకినప్పుడూ చేస్తుంది కదా సార్."

పరికరం పీకితే ఏం చెయ్యాలో సర్వర్‌లోని డివైస్ మేనేజర్ ప్రోగ్రాముకి చెప్పే రూల్ అది. రెండే వరసలు. డిస్కు పీకేశాక దాని తయారీ నంబరు అడగాలి. ఫలానా నంబరైతే తలుపు వెయ్యాలి.

"పీకేశాక నంబరు ఎవర్నడుగుతుంది?"

"డిస్కుని సార్."

"అప్పటికి డిస్కెక్కడుంది?"

"ఆమె చేతిలో... అయ్యో."

"శవాన్ని లేపి నీ పేరేంట్రా అని అడిగినట్టుంది. మా బావ స్విచ్ వేశాడు. నీ రూలే పనిచెయ్యలేదు. లే అక్కణ్ణించి!"

టీ మరకలతో జిగటగా ఉన్న కీబోర్డు. సీనియర్ ముక్కు చిట్లించి టైప్ చేశాడు. డిస్కు పెట్టినప్పుడే సిస్టమ్ దాని వివరాలు రాసి పెట్టుకుంటుంది. ఆ రాతలోనే నంబరు చూడమన్నాడు. తొంభై ఒకటి. సేవ్. తొంభై ఏడు. రూల్స్ రీలోడ్. నూరు.

ఆమె పీకింది.

బల్ల మీద కప్పులు అదిరేలా తలుపు పడింది. సైరన్ మోగింది.

ఆమె కళ్ళద్దాలు తీసి అద్దం వైపు నవ్వింది. "చీఫ్ గారూ, నేను మీ మనిషినే కదా!"

"తలుపు తియ్యవోయ్," అంది స్క్రూడ్రైవర్ మెత్తగా. "పాపం, ఏదో చెప్తోంది."

సీనియర్ స్క్రూడ్రైవర్‌ని చల్లారిన టీలో ముంచాడు. చెల్లెలికి ఫోన్ చేశాడు.

"అమ్మలూ, బావ ఏమీ మర్చిపోలేదు."

"నాకు తెలుసన్నయ్యా," అంది చెల్లెలు. "వాళ్ళకి తెలిసిందా?"

"రిపోర్టు నేనే రాస్తున్నా."

ఎక్స్‌పర్ట్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ తలుపు తెరవడానికి కూడా నేనే ఒక రూల్ రాశాను. అదీ... టెస్ట్ చెయ్యలేదు."

వాడి పనితనం దేశానికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.