మొదట తోడుకే చెప్పే యంత్రం

2094లో ఆసుపత్రికి వెళ్లే ప్రతి రోగీ వెంట ఒక తోడును రాయించుకోవాలి. రోగం సంగతి ముందు తోడు వింటుంది. తర్వాత రోగికి చెప్పేది కూడా తోడే. పెద్ద జబ్బు పేరును రోగి చెవిన నేరుగా వేయడం మన ఇళ్లలో ఎన్నడూ లేదు కనుక, యంత్రాలకూ ఆ పద్ధతే నేర్పారు. రోగి తానుగా అడిగితే తప్ప అవి పెదవి విప్పవు.

విజయనగరంలోని ఒక ఆసుపత్రిలో ఇందుజకు తోడు తల్లి వరహాలమ్మ. ముప్పై ఏళ్ల ఇందుజకు గర్భసంచిలో క్యాన్సర్. ఇంకా పిల్లల్లేరు. జబ్బు లోపలి పొరలోనే ఉంటే మాత్రలతో తగ్గించవచ్చు, సంచి మిగులుతుంది. కండలోకి దిగితే తీసేయాల్సిందే. ఆపరేషన్‌ మాట ఎత్తేముందు తేలవలసింది అదొక్కటే.

తోడుకు ఫలితాలు చెప్పే వినికిడి గదిలో గోడమీది యంత్రం మెల్లగా మొదలుపెట్టింది.

"జబ్బు కండలోకి దిగిందని అల్ట్రాసౌండ్ అంది. ఎంఆర్‌ఐ దిగి ఉండొచ్చంది. కణజాడ పరీక్ష దిగలేదంది."

వరహాలమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "మూడు నోళ్లు, మూడు మాటలు. ఇందులో నమ్మీదేటి బాబూ?"

"మొదటిది శబ్దంతో, రెండోది అయస్కాంతంతో బొమ్మ గీస్తాయి. రెండూ బయటి నుంచి చూసేవే. వాపును చూసి క్యాన్సర్ అని పొరపడవచ్చు. కణజాడ లోపలికే వెళుతుంది. రక్తంలోకి ఎక్కించిన నానో రేణువులు చెడ్డ కణం తగిలితే అంటుకుని వెలుగుతాయి. కండలో ఒక్కటీ వెలగలేదు. గ్రంథుల్లోనూ లేదు. మీ అమ్మాయికి సంచి ఉంచవచ్చమ్మా."

"మరి ముందుదానికి కళ్లు పోనాయా? దిగిపోనాదని ఊరికే అనేసినాదా?"

"పొరపడింది."

"నువ్వు పొరపడవా?"

"నూటికి ఒకసారి."

"ఆ ఒక్కర్తీ నా పిల్లే అయితే?"

మూడు నెలలకోసారి మళ్లీ చూస్తామనీ, అనుమానమొస్తే అప్పుడైనా తీయవచ్చనీ యంత్రం చెప్పింది. మూడు నెలలకోసారి ఈ గది, ఈ కుర్చీ, ఈ గుండెదడ. మంచి మాట చెప్పినదానికన్నా చెడు చెప్పినదే నిజం చెప్పినట్టు తోచింది వరహాలమ్మకు. ఆమె లేచింది.

"ఉన్నది ఉన్నట్టే చెబుతారు కదా అమ్మా?" యంత్రం అడిగింది.

"నా కూతురికి చెప్పుకోడం నువ్వు నేర్పాలేటి నాకు?"

వార్డులో ఇందుజ మంచం మీద లేచి కూర్చుంది. "ఏటన్నాదమ్మా? దాచకు."

"కండలోకి దిగిపోనాదట తల్లీ. తీయించేసుకో."

ఇందుజ పొత్తికడుపు మీద చేయి వేసుకుంది. తర్వాత అడిగింది: "మూడూ అదే అన్నాయా?"

తలుపు పక్కనే ఇంకో యంత్రం ఉంది. అడిగితే చెబుతుంది. ఇందుజ అటు చూడలేదు. తల్లి ముఖమే చూసింది.

"మూడూనమ్మా."

ఇందుజ పెదవి కొరుక్కుంది. ఏడుపు ఆపుకుంటూనే తల్లి కళ్లు తుడిచింది.

"నువ్వు బయపడకే అమ్మా. తీసేయమని చెప్పెయ్."